యంత్రహృదయం ఎరిగిన గణితవేత్త: ఏలన్ ట్యూరింగ్

ప్రోగ్రాం వ్రాయడం నేర్చినవారందరికీ అది యంత్రగర్భంలో ఎట్లా నడుస్తుందో తెలియదు. తెలియకపోతే నష్టమేమని అడిగే విద్యార్థులు కూడా ఉన్నారు. ఈ ప్రశ్నకు సమాధానంగా, కంప్యూటర్ శాస్త్రానికి పునాది వేసినవారిలో అగ్రగణ్యుడైన ఏలన్ ట్యూరింగ్ జీవితాన్ని వారి ముందుంచదలచాము.

ట్యూరింగ్ 1912 జూన్ 23న లండన్‌లో జన్మించారు. ఆయన కుటుంబానికి మన నేలతో సంబంధం ఉన్నదని ఎరిగినవారు తక్కువ. తండ్రి జూలియస్ ఇండియన్ సివిల్ సర్వీసు ఉద్యోగిగా నాటి మద్రాసు రాజధానిలో పనిచేశారు. అనంతపురం, బెజవాడ, శ్రీకాకుళం, కర్నూలు మొదలైన పట్టణాలలో ఆ దంపతులు ఉద్యోగరీత్యా నివసించారు. తల్లి ఎథెల్ సారా మద్రాసు రైల్వే ప్రధాన ఇంజనీరు ఎడ్వర్డ్ స్టోనీ కుమార్తె. తల్లిదండ్రులు భారతదేశంలో ఉండగా, ఏలన్ తన అన్నతో కలిసి ఇంగ్లండులో పరుల ఇంట పెరగవలసి వచ్చింది.

1931లో ఆయన కేంబ్రిడ్జిలోని కింగ్స్ కళాశాలలో ప్రవేశించారు. 1936లో వ్రాసిన పరిశోధన వ్యాసంలో ఒక ఊహాయంత్రాన్ని వర్ణించారు. అంతులేని కాగితపు పట్టీపై ఒక్కొక్క గుర్తును చదువుతూ, చెరుపుతూ, వ్రాస్తూ సాగే యంత్రమది. ఇతర యంత్రాల నియమావళిని అదే పట్టీపై వ్రాసి ఇస్తే, ఒకే యంత్రం వాటన్నిటి పనీ చేయగలదని నిరూపించారు. ఏ యంత్రమూ తేల్చలేని ప్రశ్నలు ఉన్నాయని కూడా చూపించారు. అయితే ఊహాయంత్రానికి స్థలాభావం లేదు, కాలవిలంబం లేదు. ఆ బాధలన్నీ నిజమైన యంత్రానివే.

1939లో యుద్ధం రాగానే ఆయన బ్లెచ్‌లీ పార్కులో చేరి, జర్మనుల ఎనిగ్మా రహస్యలిపిని ఛేదించే కృషిలో ప్రముఖపాత్ర వహించారు. అంతకుముందు పోలండ్ గణితవేత్తలు వేసిన బాట ఆ కృషికి ఆధారమైంది.

యుద్ధానంతరం 1945లో నేషనల్ ఫిజికల్ లేబొరేటరీలో చేరి, ఏస్ అనే కంప్యూటర్‌కు సమగ్రమైన రూపకల్పన చేశారు. అందులో జ్ఞాపకశక్తికి ఆధారం పాదరసపు గొట్టాలు. సంఖ్యలు ధ్వనితరంగాలుగా వాటిలో పయనిస్తూ ఉంటాయి. కావలసిన సంఖ్య గొట్టం చివరకు వచ్చేదాకా యంత్రం వేచి ఉండాలి. కనుక దేనిని ఎక్కడ ఉంచాలో ఎరిగినవాడు వ్రాసిన ప్రోగ్రామే వేగంగా నడుస్తుంది. ప్రధాన కార్యం విడిచి ఉపకార్యానికి వెళ్లేటప్పుడు తిరిగి రావలసిన చోటును దాచిపెట్టుకోవాలనీ, చివర దాచినదానిని ముందుగా తీయాలనీ ఆయన అందులో నిర్దేశించారు. నేడు మన విద్యార్థులు స్టాక్ అని చదువుకునేది ఈ పద్ధతినే. ఆ యంత్రపు చిన్న నమూనా 1950లో పనిచేసే నాటికి ఆయన అక్కడ లేరు.

1948లో ఆయన మాంచెస్టర్ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. అక్కడి కంప్యూటర్‌ను వాడేవారి కోసం 1951లో స్వయంగా కరదీపికను రచించారు. జగద్విఖ్యాతమైన సిద్ధాంతం చేసిన వ్యక్తి, ఏ మీట ఏ పని చేస్తుందో, సంఖ్య ఎక్కడ నిలుస్తుందో ఓపికగా వివరించడానికి పూనుకోవడం విశేషం. ఆ యంత్రంలో ఆదేశాలను 32 గుర్తులతో వ్రాసేవారు. ఒక్కొక్క గుర్తు వెనుక 5 స్థానాలు, ఒక్కొక్క స్థానంలో సున్న లేదా ఒకటి. ఛందస్సు చదివినవారికి ఇది కొత్త కాదు. 5 అక్షరాలకు లఘుగురువుల ప్రస్తారం వేస్తే వచ్చేవి కూడా 32 భేదాలే.

ఇంతటి మేధావిని ఆయన దేశం ఆదరించలేదు. స్వలింగ సంబంధం నాటి చట్టంలో నేరం కావడంతో 1952లో న్యాయస్థానం ఆయనను దోషిగా నిర్ణయించింది. కారాగారవాసానికి మారుగా హార్మోను చికిత్సకు ఆయన లోబడవలసి వచ్చింది. 1954 జూన్ 7న, 41 ఏళ్ల వయసులో, సైనైడ్ విషంతో మరణించారు. అది ఆత్మహత్య అని విచారణలో తేల్చారు. 2009లో బ్రిటిష్ ప్రధాని క్షమాపణ చెప్పారు. 2013లో రాజక్షమాభిక్ష ప్రకటించారు. పోయిన ప్రాణానికి ఇవి పరిహారం కాజాలవు.

నేటి విద్యార్థి కంప్యూటర్ భాషలు ఎన్నో నేర్చుకుంటున్నాడు. కాని 32 స్థానాల గడిలో 2147483647 అనే సంఖ్యకు ఒకటి కలిపితే, ఫలితం ఋణసంఖ్యగా ఎందుకు మారవచ్చునో అడిగితే తెల్లబోతున్నాడు. గడి నిండిపోయిందన్న సంగతి భాష చెప్పదు, యంత్రాన్ని ఎరిగితేనే తెలుస్తుంది. గణవిభజన తెలియకుండా పద్యం వల్లించినవాడు, యతి తప్పిన చోటును గుర్తించలేడు కదా!

కనుక భాషాబోధనతోపాటు యంత్రాంతర్భాగ పరిచయానికి కూడా మొదటి సంవత్సరంలోనే చోటు కల్పించాలని కళాశాల పాలకవర్గాన్ని సవినయంగా కోరుతున్నాము. ట్యూరింగ్ అంతటివాడే చేతికి మసి అంటుతుందని వెనుదీయలేదు. మనకు సంకోచమెందుకు?