మాట పడిపోయిన ఆచార్యుడు - ఇమామ్ గజాలీ

ఇమామ్ అబూ హామిద్ గజాలీ గొప్ప తత్త్వవేత్త అని మన విద్యార్థులకు తెలుసు. ఆయన ముప్పది ఏడేండ్ల వయస్సులో, కీర్తి శిఖరం మీద ఉన్నప్పుడే, పాఠం చెప్పలేక మూగవోయిన సంగతి మాత్రం చాలమందికి తెలియదు. మేము ఇక్కడ ప్రస్తావింపదలచినది ఆ ఘట్టమునే.

గజాలీ 1058లో ఖురాసానులోని తూస్ నగరంలో జన్మించారు. తండ్రి చిన్ననాడే మరణించారు. ఆయన అప్పగించి పోయిన కొద్దిపాటి ధనం అయిపోగానే, ముహమ్మద్, అహ్మద్ అనే ఆ అన్నదమ్ములిద్దరూ భోజనం దొరుకుతుందని మదరసాలో చేరారట. మన హాస్టలు విద్యార్థులకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. తరువాత నైషాపూరులో జువైనీ వద్ద విద్య, వజీరు నిజాముల్ ముల్క్ ఆదరణ, 1091లో బాగ్దాదు నిజామియాలో ఆచార్య పదవి ఒకదాని వెంట ఒకటి లభించాయి. అక్కడ ఆయన శిష్యులు 300 మంది.

1095 జూలైలో ఆ మాటల ప్రవాహం ఆగిపోయింది. తాను చదువు చెప్పేది దైవప్రీతి కోసమా, పేరు ప్రతిష్ఠల కోసమా అన్న ప్రశ్న ఆయనను లోలోపల తొలిచివేసింది. ఉదయం అన్నీ వదలి వెళ్లాలని నిశ్చయించుకొనేవారు, సాయంత్రానికి ఆ నిశ్చయం సడలిపోయేది. ఈ మథనం దాదాపు ఆరు నెలలు సాగింది. శిష్యుల కోసమైనా ఒక్క దినం పాఠం చెబుదామంటే నాలుక కదలలేదు. గుండెలో దిగులు గూడు కట్టుకొన్నది. గుక్కెడు పానీయం దిగలేదు, ముద్ద అరగలేదు. వైద్యులు పరీక్షించి, ఈ వ్యాధి మనస్సున పుట్టి దేహానికి ప్రాకినదనీ, మనోభారం తగ్గనిదే ఔషధం పనిచేయదనీ చెప్పి చేతులెత్తేశారు. తొమ్మిది వందల ఏండ్ల క్రిందటి వైద్యుల ఈ పరిశీలన మాకు ఆశ్చర్యం కలిగిస్తుంది. నేటి వైద్యులు కుంగుబాటు అనే వ్యాధి లక్షణాలు అనేకం ఇందులో ఉన్నాయి. 1092లో నిజాముల్ ముల్క్ హత్యకు గురైన తరువాతి రాజకీయ భయమే ఇందుకు కారణమని కొందరు చరిత్రకారులు అంటారు. భయమూ ఉండవచ్చు, కాని అదొక్కటే ఇంతటి వేదనకు చాలదని మా అభిప్రాయం.

గజాలీ తన నిస్సహాయతను అంగీకరించి దైవాన్ని శరణు వేడారు. 1095 నవంబరులో పదవి వదులుకొన్నారు. పిల్లల పోషణకు కావలసినంత ఉంచి, మిగిలిన ధనమంతా పంచిపెట్టారు. పాఠములు తమ్ముడు అహ్మద్‌కు అప్పగించారు. ఖలీఫా, మిత్రులు అడ్డుపడతారని మక్కాకు వెళుతున్నట్లు చెప్పి సిరియాకు పయనమయ్యారు. అంతటి పదవిని ధర్మచింతనతో వదలుకొన్నాడంటే బాగ్దాదు పండితులు నమ్మలేదు. తలకొక ఊహ చేశారు.

దమస్కసులో పెద్ద మసీదు మీనారు ఎక్కి, తలుపు మూసుకొని, దినమంతా ధ్యానంలో గడిపేవారు. పిదప జెరూసలేము, హెబ్రోను, మక్కా, మదీనా దర్శించారు. అయితే వెళ్లినంతనే శాంతి చేకూరలేదు. ఇంటి చింత, జీవనాధారపు చింత ఏకాంతాన్ని భంగపరుస్తూనే ఉండేవి. బిడ్డల పిలుపు స్వదేశానికి రప్పించింది. మనస్సు నిర్మలంగా ఉండే ఘడియలు అప్పుడప్పుడే లభించేవనీ, అయినా ఆశ వదలలేదనీ ఆయనే వ్రాసుకొన్నారు. నలుబది భాగముల ఇహ్యా ఉలూమిద్దీన్ అనే మహాగ్రంథం ఈ సంవత్సరములలో రూపొందినదే. నోట పెగలని మాట కలమున పలికింది.

పదకొండు చాంద్రమాన సంవత్సరాల తరువాత, 1106లో, నైషాపూరు నిజామియాలో తిరిగి ఆచార్య పీఠం ఎక్కారు. వెనుకటి చోటికే వచ్చినట్లు కనిపించినా వచ్చిన మనిషి వేరని ఆయన భావన. యాబది దాటిన వయస్సులో అల్ ముంకిజ్ మినద్దలాల్ అనే ఆత్మకథలో తన నాలుక పడిపోవడం, అన్నం సహించకపోవడం, వైద్యులు చేతులెత్తేయడం దాచకుండా వ్రాశారు. మగవాడికి దిగులేమిటని ఈసడించే లోకంలో, పరీక్ష తప్పిననాడో, ఉద్యోగం రాననాడో తలుపు వేసుకొని కూర్చొనే మన యువకులు ఆ పుటలు చదవాలని మా కోరిక. అంతటి ఇమామ్ చెప్పుకొన్న బాధను తామూ ఒకరితో చెప్పుకోవచ్చునని, వైద్యుని వద్దకు వెళ్లవచ్చునని వారికి ధైర్యం కలుగుతుంది.

చివరి దినములలో గజాలీ తూస్‌కు మరలి వచ్చి, ఇంటి ప్రక్కనే ఒక మదరసా, సూఫీలకు ఒక ఖాన్‌కాహ్ నెలకొల్పి, 1111 డిసెంబరులో తనువు చాలించే వరకు పాఠాలు చెబుతూనే ఉన్నారు.