ఎడిసన్ పోసిన ఇల్లు

ఎడిసన్ పేరు చెప్పగానే ఎవరికైనా ముందు బల్బు గుర్తుకొస్తుంది. కొంచెం తెలిసినవాళ్లు గ్రామఫోను అంటారు, సినిమా కెమెరా అంటారు. కాని ఆ మహామేధావి పదేళ్లకు పైగా పేదవాడికి చవక ఇల్లు తయారుచేసి ఇవ్వాలని పట్టుబట్టి పనిచేశాడన్న సంగతి మన పాఠ్యపుస్తకాల్లో కనిపించదు. ఆ ఇల్లు కట్టేది కాదు, పోసేది. ఇనుప అచ్చులు నిలబెట్టి, పైనుంచి కాంక్రీటు పోసి, గట్టిపడినాక అచ్చులు ఊడదీస్తే గోడలు, మెట్లు, కప్పు అన్నీ ఒక్కసారే తయారు!

ఈ కథ ఇప్పుడెందుకని మిత్రులు అడగవచ్చు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల్లో ఏ రోడ్డు మీద పోయినా ప్లాట్ల చుట్టూ రెడీమేడ్ సిమెంటు పలకల గోడలు కనిపిస్తున్నాయి. లారీలో పలకలు వస్తాయి, చూస్తుండగానే గోడ లేస్తుంది. ఈరోజు గోడ వచ్చింది, రేపు ఇల్లూ వస్తుంది. అది మనకు లాభమా, నష్టమా అని తేల్చుకునే ముందు, నూరేళ్ల కింద ఆ దారిలో నడిచి దెబ్బతిన్న ఒక పెద్దమనిషి జీవితం తెలుసుకోవడం మంచిదని నాకనిపించింది.

థామస్ ఆల్వా ఎడిసన్ 1847 ఫిబ్రవరి 11న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో మిలన్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. తండ్రి శామ్యూల్ ఇండ్ల కప్పులకు పరిచే చెక్క పెంకులు తయారుచేయించి అమ్మేవాడు. అంటే ఇంటి సామాను మధ్యనే పుట్టాడన్నమాట. 1854లో కుటుంబం మిషిగన్ రాష్ట్రంలోని పోర్ట్ హ్యూరన్‌కు మారింది. బడిలో చదివింది కొద్ది నెలలే. ఒకప్పుడు టీచరుగా పనిచేసిన తల్లి నాన్సీయే ఇంట్లో కూర్చోబెట్టి చదువు చెప్పింది. పన్నెండో ఏట నుంచి రైలుబండిలో పత్రికలు, మిఠాయిలు అమ్మాడు. చిన్నతనంలోనే చెవుడు మొదలైంది. ఆ తర్వాత టెలిగ్రాఫ్ ఆపరేటరుగా ఊరూరా తిరిగాడు.

1869లో ఆయనకు మొదటి పేటెంటు వచ్చింది. అది చట్టసభల్లో ఓట్లు లెక్కబెట్టే యంత్రం. సభ్యుడు కూర్చున్నచోటి నుంచే మీట తిప్పితే ఓటు నమోదైపోతుంది. యంత్రం చక్కగా పనిచేసింది. కాని కొన్నవాడు లేడు. ఎందుకంటే ఓటింగు నిదానంగా సాగడమే సభ్యులకు కావాలి. ఆ సందులోనే వాళ్ల బేరసారాలు నడుస్తాయి. జనానికి అక్కరలేని వస్తువు ఇక తయారుచేయకూడదని ఇరవై రెండేళ్ల ఎడిసన్ ఆనాడే నిశ్చయించుకున్నాడు. పాఠకులు ఈ ముక్క గుర్తుంచుకోవాలని మనవి.

ఆ తర్వాతి చరిత్ర అందరికీ తెలిసిందే. 1876లో మెన్లో పార్కులో ప్రయోగశాల, 1877లో ఫోనోగ్రాఫు, 1879లో కార్బన్ తీగ దీపం. 1882 సెప్టెంబరు 4న న్యూయార్కులోని పెర్ల్ స్ట్రీట్ నుంచి ఇండ్లకు, ఆఫీసులకు కరెంటు పంపిణీ మొదలైంది. బల్బు ఒక్కటే చేసి ఊరుకుంటే ఎడిసన్‌ను లోకం ఇంతగా తలుచుకునేది కాదు. డైనమో, భూమిలో తీగలు, మీటరు, హోల్డరు, ఫ్యూజు అన్నీ జతచేసి, బల్బు వాడేవాడి ఇంటిదాకా దారి వేశాడు. ఆయన గెలుపు రహస్యం అదే.

1890లలో ఆయన న్యూజెర్సీలోని ఆగ్డెన్ దగ్గర అయస్కాంతాలతో ఇనుప ఖనిజాన్ని వేరుచేసే పెద్ద కర్మాగారం పెట్టాడు. కొండరాళ్లను పిండిచేసే భారీ యంత్రాలు బిగించాడు. ఇంతలో మెసాబి ప్రాంతంలో మేలురకం ఖనిజం చవకగా దొరకడంతో ఆ వ్యాపారం మునిగింది. ఇరవై లక్షల డాలర్లకు పైగా పోయాయి. మరొకడైతే నెత్తిన చేయి పెట్టుకునేవాడు. ఈయన మాత్రం రాయిని పిండిచేసే విద్య చేతికొచ్చింది కదా అని 1899లో సిమెంటు కంపెనీ పెట్టాడు. అప్పటి బట్టీలు అరవై, ఎనభై అడుగులుంటే ఈయన నూటయాభై అడుగుల తిరుగుడు బట్టీ కట్టించాడు.

సిమెంటు గుట్టలు పడుతుంటే దాన్ని ఏం చేయాలన్న ప్రశ్న వచ్చింది. ఇండ్లు పోయాలన్న ఆలోచన 1906లో లోకానికి ప్రకటించాడు. 1908లో పేటెంటుకు దరఖాస్తు పెడితే అది 1917లో గాని చేతికి రాలేదు. ఇరుకు వాడల్లో మగ్గే కార్మికుడికి 1200 డాలర్లలో ఇల్లు రావాలని ఆయన కోరిక. ఈ పనిలో తనకు లాభం అక్కరలేదన్నాడు. ఇంట్లో సామాను సైతం కాంక్రీటుతోనే చేయవచ్చని 1911లో ఫోనోగ్రాఫు పెట్టె పోయించి చూపించాడు. ఆయన సంకల్పంలో దోషం వెదికితే కనిపించదు.

మరి దెబ్బ ఎక్కడ తగిలింది? లెక్కలో తగిలింది. ఒక ఇంటి అచ్చులో 2 వేలకు పైగా ఇనుప ముక్కలున్నాయి. కాంట్రాక్టరు ఆ సరంజామా అంతా కొనాలంటే 1,75,000 డాలర్లు. ఇంటి ధర 1200 అయితే, అచ్చు ఖర్చే సుమారు 145 ఇండ్ల ధరతో సమానం! పది ఇండ్లు పోస్తే అచ్చు భారం భరించలేం, వేయి ఇండ్లు పోస్తే ఒక్కో ఇంటికి 175 డాలర్లే పడుతుంది. కాని వేయి ఇండ్లు ఒకేచోట, ఒకే తీరుగా కావాలన్నవాళ్లు ఎక్కడున్నారు? ఇల్లు చవక చేసే యంత్రమే పేద కాంట్రాక్టరుకు అందకుండా పోయింది.

చివరకు గడియారాల వ్యాపారి చార్లెస్ ఇంగర్సాల్ ముందుకొచ్చి, 1917లో న్యూజెర్సీలోని యూనియన్ అనే ఊళ్లో 11 ఇండ్లు పోయించాడు. అన్నీ ఒకే పోలిక. జనం ఎగబడి కొనలేదు, పథకం అంతటితో ఆగింది. పేదవాడి కోసమని చాటింపు వేసిన ఇంట్లో ఉండడానికి పేదవాడికీ మనసొప్పదు కదా! ఎడిసన్ మటుకు 29 గదుల గ్లెన్‌మాంట్ భవంతిలో ఉండేవాడు. అక్కడ కాంక్రీటు పోసి కట్టించింది మోటారు షెడ్డును. ఓట్ల యంత్రం నాడు నేర్చుకున్న పాఠాన్ని నలభై ఏళ్ల తర్వాత ఆయన మరిచిపోయాడనిపిస్తుంది. ఇంట్లో ఉండబోయేవాడికి ఏం కావాలో కనుక్కోలేదు.

అయినా కాంక్రీటు బలం అబద్ధం కాదు. 1914 డిసెంబరు 9న వెస్ట్ ఆరెంజ్‌లోని ఆయన కర్మాగారం తగలబడింది. లోపలి సామానంతా బూడిదైనా, కాంక్రీటు భవనాల అస్థిపంజరం చాలావరకు నిలబడింది. 67 ఏళ్ల ముసలాయన మళ్లీ పని మొదలుపెట్టాడు. యూనియన్‌లోని ఇండ్లలో నేటికీ మనుషులు కాపురముంటున్నారు. 1923లో తెరిచిన న్యూయార్కు యాంకీ స్టేడియానికి వాడింది ఆయన కంపెనీ సిమెంటే. 1931 అక్టోబరు 18న ఎడిసన్ కన్నుమూసే నాటికి ఆయన పేర 1093 అమెరికా పేటెంట్లున్నాయి. సిమెంటు ఇల్లు మాత్రం ఆ కీర్తికి ఒక మూలన ఉండిపోయింది.

ఇదే కాలంలో అమెరికాలో మరొక దారి నడిచింది. ఎడిసన్ పేటెంటు దరఖాస్తు పెట్టిన 1908లోనే సియర్స్ అనే దుకాణం ఇండ్ల కేటలాగు వేసింది. కోసి సిద్ధంచేసిన కలప, తలుపులు, మేకులు రైల్లో వచ్చేవి. కొన్నవాడు ఇరుగుపొరుగును, వడ్రంగిని పిలుచుకొని జోడించుకునేవాడు. గది పెద్దది కావాలంటే ప్లాను మార్చుకునే వీలుండేది. 1940 వరకు దాదాపు 70 వేల ఇండ్లు అట్ల అమ్ముడుపోయాయి. ఎడిసన్ ఇల్లు మొత్తం ఒకే ముద్ద, సియర్స్ ఇల్లు ముక్కల పొత్తు. తేడా అంతా అక్కడుంది.

మన దేశమూ ఈ పరీక్ష రాసింది. విభజన తర్వాత కాందిశీకుల కోసం కేంద్ర ప్రభుత్వం ఢిల్లీలో ఇండ్ల ఫ్యాక్టరీ పెట్టింది. జర్మనీ నుంచి వచ్చిన ఆర్కిటెక్టు ఒట్టో కోనిగ్స్‌బర్గర్ దానికి సూత్రధారి. అనుకున్నన్ని ఇండ్లు రాలేదు, పలకలు అనుకున్నంత గట్టిగా రాలేదు, పార్లమెంటులో గొడవైంది. 1951లో ఆయన ఇంగ్లండుకు వెళ్లిపోయాడు. ఆ ఫ్యాక్టరీ మూతపడకుండా చేతులు మారి, తర్వాత హిందుస్తాన్ ప్రీఫాబ్ అయింది.

ఇక మన పాలమూరు నేలకు వద్దాం. రెడీమేడ్ ఇంటి లాభాలు మనకు తెలియనివి కావు. 2009 అక్టోబరు వరదల్లో అలంపూరు ప్రాంతం మునిగింది. రాజోలిలో మట్టిగోడలు నీళ్లలో కరిగిపోయాయి. అట్లాంటప్పుడు ఇల్లు త్వరగా నిలబడడం ప్రాణాలతో సమానం. ఫ్యాక్టరీలో సిమెంటు, ఇసుక, ఇనుము కొలత ప్రకారం పడతాయి, పలక నీడపట్టున నీళ్లు తాగి గట్టిపడుతుంది. మండుటెండలో క్యూరింగు ఎగ్గొట్టే బాధ లేదు. చెదలు పట్టదు. పంట డబ్బు చేతికొచ్చిన రెండు నెలల్లోనే ఇల్లు ముగించాలనుకునే రైతుకు ఇవన్నీ మేలు.

నష్టాలు కూడా మన కళ్లముందే ఉన్నాయి. రెండడుగుల మట్టిగోడకు మధ్యాహ్నం ఎండ తగిలితే ఆ వేడి లోపలికి దిగేసరికి రాత్రవుతుంది, అప్పటికి బయట చల్లబడుతుంది. రెండంగుళాల సిమెంటు పలకకు ఆ ఓపిక లేదు. మే నెలలో పొద్దుగూకక ముందే గది పొయ్యి అవుతుంది. పాత మిద్దె మీద వేరుశనగ ఎండబోసుకున్నాం, పక్కన కొట్టంలో ఎద్దులను కట్టేశాం. కొడుకు పెండ్లయితే ఒక అర్ర పెంచుకున్నాం. ఒకే ముద్దగా పోసిన ఇంటికి అర్ర ఎట్ల పెంచుతాం? గద్వాలలో, రాజోలిలో చీర నేసే ఇంట్లో గుంటమగ్గానికి నేలలో గుంట కావాలి. ఎక్కడో గీసిన ప్లానుకు ఆ గుంట సంగతి తెలియదు.

డబ్బు సంగతీ చూడాలి. 2024లో మొదలైన ఇందిరమ్మ ఇండ్ల పథకంలో 5 లక్షల రూపాయలు పని సాగినకొద్దీ విడతలుగా అందేట్లు పెట్టారు. పునాదికి కొంత, గోడలకు కొంత, స్లాబుకు కొంత. మన ఇండ్లు లేచేదే అట్ల, మెట్టుమెట్టుగా. ఒకేసారి లారీలో దిగే ఇంటికి ఒకేసారి డబ్బు కావాలి. అది అప్పు తేవాల్సిందే. ఇంకొక మాట: ఫ్యాక్టరీ ఇంటిలో మిగిలే డబ్బులో పెద్దభాగం కూలి డబ్బు. పాలమూరు కూలీలు దేశమంతటా ఆనకట్టలు కట్టారు, కాలువలు తవ్వారు. ఊళ్లో దొరికే సుతారి పని కూడా ఫ్యాక్టరీకి పోతే, ఇల్లు చవకై కూలీ మళ్లీ బస్సెక్కాల్సి వస్తుంది.

అందుకని రెడీమేడ్ వద్దనడం నా ఉద్దేశం కాదు. శ్రీశైలం జలాశయంలో మునగబోయిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికీ నంబరు వేసి, విప్పి, అలంపూరులో మళ్లీ నిలబెట్టారు. వేయేళ్లు దాటిన గుడి అట్ల బతికింది. ముక్కలుగా పేర్చింది కాబట్టే విప్పగలిగారు. ఎడిసన్ ఇల్లయితే పగలగొట్టడం తప్ప గత్యంతరం లేదు. మన ఊళ్లో బావికి దించే సిమెంటు వరలు, పొలం చుట్టూ నాటే సిమెంటు కడీలు ఫ్యాక్టరీ సరుకే. వాటిని మన సుతారే దించుతాడు, నాటుతాడు, పగిలితే ఒక్కటి మారుస్తాడు. స్తంభాలు, దూలాలు, కప్పు పలకలు, దర్వాజా చట్రాలు అట్లనే కొలతల్లో తయారై రానివ్వండి. గోడ మట్టిదా, ఇటుకదా, రాయిదా అన్నది, మగ్గం గుంట ఎక్కడన్నది, కొట్టం ఏ దిక్కునన్నది మాత్రం ఇంటివాళ్లకు వదిలేయాలి.

మనలో కొందరు రేపు ఇంజనీర్లవుతారు, మరికొందరు ఆఫీసర్లయి ఇండ్ల పథకాల ఫైళ్ల మీద సంతకం పెడతారు. ఎడిసన్ అంతటివాడికి సిమెంటు గుణం పూర్తిగా తెలుసు, ఇనుము గుణం తెలుసు. ఆ ఇంట్లో పొయ్యి రాజేసే మనిషిని మాత్రం అడగలేదు. ప్లాను గీసే ముందు ఆ ఒక్క ప్రశ్న అడగడానికి పేటెంటు అక్కరలేదు.