శిక్షను దూచిన న్యాయవేత్త: చెజారే బెక్కరియా

శిక్ష యెంత క్రూరమైన హత్యలంత తగ్గునని యూరపుఖండమంతయు నమ్మియున్న కాలమున, ఆ నమ్మకమును బ్రశ్నించినవాడు చెజారే బెక్కరియా. ఈయన 1738వ సంవత్సరము మార్చి 15వ తేదీని ఇటలీదేశమందలి మిలాను నగరమున నొక ప్రభువంశమున జన్మించెను. పార్మా పట్టణమున జెస్విటు గురువులయొద్ద జదివి, 1758లో పావియా విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్రపట్టము బడసెను. స్వభావమున బిడియస్థుడు. మిత్రుడగు పియెత్రో వెర్రి ప్రోత్సహింపనిచో కలమే పట్టకుండెడివాడేమో! వెర్రి తమ్ముడగు అలెస్సాండ్రో మిలాను చెరసాలలలోని బందీలను విచారించు నుద్యోగి. అచ్చటి దురవస్థ లాతనివలననే మిత్రులకు దెలిసెను.

ఆ కాలమున నేరము నొప్పించుటకై నిందితుని హింసించుట న్యాయస్థానముల యాచారము. చక్రమునకు గట్టి యెముకలు విరుగగొట్టుటయు, జనులు చూచుచుండ నురిదీయుటయు సామాన్యములు. 1764లో, 26 ఏండ్ల ప్రాయమున, బెక్కరియా నేరములను శిక్షలను గూర్చి యొక చిన్న గ్రంథమును తన పేరు లేకయే లివోర్నోలో నచ్చు వేయించెను.

మనుష్యుని నేరమునుండి మరల్చునది శిక్షయొక్క క్రౌర్యము గాదు, అది తప్పదను నిశ్చయమును, జాగు లేక వచ్చుటయు నని యాతని వాదము. తప్పించుకొన వీలున్న ఘోరశిక్షకంటె తప్పించుకొనరాని మితశిక్షయే యెక్కువ భయము గొల్పును. వేటపక్షిని జంపినవానికిని మనుష్యుని జంపినవానికిని మరణమే విధించినచో, ఆ రెండు నేరముల భేదము జనుల మనస్సులలో నశించును. హత్య కూడదను ప్రభుత్వమే బహిరంగముగ ప్రాణము దీయుట యెట్లు పొసగును? మరణమునకు బదులు యావజ్జీవ కఠినపరిశ్రమను సూచించి, చూచువారికి అదియే దీర్ఘకాల భయహేతువనెను. ఇది మెత్తని మాట కాదు. దేశభద్రతకే ముప్పు గలిగినప్పుడు మరణదండనకు గొంత తావును విడిచెను.

1766లో రోమునగర మతాధికారు లీ గ్రంథమును నిషిద్ధగ్రంథములలో జేర్చిరి. రష్యా చక్రవర్తిని కేథరిన్ తన దేశమునకు రమ్మని పిలిచినను ఆతడు పోలేదు. టస్కనీ ప్రభువు లియొపోల్డు మాత్రము 1786లో మరణదండనను రద్దుచేసి, శిక్షలను మితపరచి విచారణను త్వరపరచినందున తన రాజ్యమున ఘోరనేరములు అరుదయ్యెనని శాసనముననే ప్రకటించెను. అయినను 1790లో అల్లరులు చెలరేగగా, అట్టి నేరములకు దానిని మరల విధించెను. ఒక ప్రభువు మాటయే చాలిన సాక్ష్యము గాదు. 2012లో అమెరికా జాతీయ పరిశోధనామండలి పండితులు అంతవరకు జరిగిన పరిశోధనలను పరిశీలించి, మరణదండనవలన హత్యలు తగ్గునో, పెరుగునో, మార్పే యుండదో వానినిబట్టి చెప్పజాలమని తేల్చిరి.

బెక్కరియా 1768 మొదలు మిలానులో అర్థశాస్త్రము బోధించి, పిమ్మట ప్రభుత్వోద్యోగములలో నుండెను. 1792లో లంబార్డీ శిక్షాస్మృతిని సవరించు సంఘమున నధికసంఖ్యాకులు మరణదండన నుంపగోరగా, మఱి యిద్దరితో గూడి భిన్నాభిప్రాయము వ్రాసెను. పొరపాటున నిర్దోషి నురిదీసినచో దానిని దిద్దుకొను మార్గము లేదనుట అందలి కారణములలో నొకటి. 1794వ సంవత్సరము నవంబరు 28వ తేదీని మిలానులోనే మరణించెను.