ఓడ ఎక్కాడు.. దీవుల గుట్టు విప్పాడు!

డార్విన్ అనగానే మీకు జీవ పరిణామమే గుర్తొస్తుంది కదూ! కానీ ఆయన తొలి పెద్ద సిద్ధాంతం పగడపు దీవుల మీద. దాన్ని రాసుకునేటప్పటికి ఆయనకు 26 ఏళ్లే.

1809లో ఇంగ్లండ్‌లో పుట్టాడు. తండ్రి డాక్టర్. కొడుకునీ డాక్టర్‌ని చేద్దామని ఎడిన్‌బరో పంపితే, ఆపరేషన్లు చూడలేక చదువు మధ్యలోనే వదిలేశాడు. మతగురువు అవుతాడని కేంబ్రిడ్జ్‌లో చేర్పిస్తే, పెంకుపురుగులు ఏరుకుంటూ తిరిగాడు. డిగ్రీ వచ్చింది, దారి మాత్రం తేలలేదు. అలాంటి సమయంలో, 1831 డిసెంబరులో బీగిల్ ఓడ ఎక్కాడు.

నడిసముద్రంలో ఉంగరంలా ఉండే దీవులు ఎలా పుట్టాయి? మునిగిన అగ్నిపర్వతాల నోటి అంచుల మీద పగడాలు పెరిగాయని అప్పటి ప్రముఖ శాస్త్రవేత్త లయెల్ నమ్మేవాడు. డార్విన్ వేరేలా ఆలోచించాడు. అగ్నిపర్వత దీవి మెల్లగా కుంగుతుంటే, చుట్టూ ఉన్న పగడాలు పైపైకి పెరుగుతూ నీటిమట్టాన్ని అందుకుంటాయి. చివరికి కొండ మునిగిపోయి ఉంగరం మిగులుతుంది.

ఊహతో సరిపెట్టుకోలేదు. 1836 ఏప్రిల్‌లో హిందూ మహాసముద్రంలోని కోకోస్ దీవుల్లో లోతులు కొలిచారు. సీసపు గుండు అడుగున కొవ్వు పూసి తాడుతో దించితే, తక్కువ లోతులో బతికున్న పగడాల అచ్చు పడింది. ఇంకా లోతుకెళ్తే ఇసుకే అంటుకొచ్చింది. పగడాలు పైనీటిలోనే పెరుగుతాయని అలా తేలింది. 1842లో పుస్తకం వేశాడు. లయెల్ తన వాదన వదులుకున్నాడు.

డార్విన్ 1882లో చనిపోయాడు. 1952లో పసిఫిక్‌లోని ఎనివెటాక్ దీవిలో డ్రిల్లింగ్ చేస్తే, 1,200 మీటర్లకు పైగా సున్నపురాయి దాటాక అగ్నిపర్వత శిల తగిలింది. ఆయన చెప్పింది నిజమే!

ఇది ఇప్పుడు మీకెందుకంటారా? ఆ దీవులు నిలబడింది బతికున్న పగడాల వల్లే. అలలకు అడ్డుగోడ, చేపలకు ఇల్లు అవే. ఇప్పుడు సముద్రం వేడెక్కి పగడాలు తెల్లబడి చనిపోతున్నాయి. లక్షదీవులు, మాల్దీవుల్లో 1998లోనూ, 2016లోనూ ఇదే జరిగింది. పగడం పెరగడం ఆగిపోతే, పెరిగే సముద్రమట్టాన్ని దీవి అందుకోలేదు.

మన హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ ఉపగ్రహ డేటాతో లక్షదీవులు, అండమాన్ పగడాలకు ముందస్తు హెచ్చరికలు ఇస్తోంది. హెచ్చరిక సముద్రాన్ని చల్లబరచలేదు. కానీ ఆ కొన్ని వారాలు మురుగు, లంగర్లు, వలల బెడద తగ్గిస్తే పగడాలు కోలుకునే అవకాశం పెరుగుతుంది. కోడింగ్, మ్యాపింగ్, సెన్సర్లు తెలిసినవాళ్లకి ఇక్కడ చేయాల్సిన పని చాలా ఉంది. బ్రాంచ్ ఏదైనా సరే, ఒకసారి ఇటువైపు చూడండి.