పేటకొక తోట: పాట్రిక్ గెడ్డెస్ మహాశయుడు

మన రాయవేలూరి ఎండ ఎట్టిదో వేరుగ చెప్పనక్కరలేదు. నడివేసవిలో కోట కందకము చెంత చెట్టునీడను చేరినవానికి ప్రాణము లేచి వచ్చినట్లుండును. గుడియాత్తములోని ఇరుకు సందులలో నివసించువారికి ఆపాటి నీడయు దుర్లభము. ఇట్టి పేటల నడుమ చిక్కిన కొద్ది స్థలములోనే తోట వేయవలెననియు, దానిని ఆ పేటవారే పెంచుకొనవలెననియు జీవితమంతయు పాటుపడిన మహాశయుడొకడుండెను. ఆయనయే పాట్రిక్ గెడ్డెస్. స్కాట్లండు దేశీయుడైనను, మన దక్షిణదేశపు ఊళ్లను కాలినడకన తిరిగి చూచినవాడు. అందుచే ఆయన చరిత్రను మా తోడి విద్యార్థులకు తెలుపదలచితిమి.

గెడ్డెస్ 1854వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన బాలటర్ అను ఊరిలో జన్మించెను. తండ్రి సైన్యములో పనిచేసి విశ్రాంతి గొన్నవాడు. కుటుంబము పెర్తు పట్టణము చెంత ఒక చిన్న ఇంట కాపురముండెను. ఆ ఇంటికి తోట కలదు. బాలుడు తండ్రి వెంట తిరుగుచు విత్తుటయు, నీరు పెట్టుటయు, కలుపు తీయుటయు నేర్చెను.

యౌవనమున లండను నగరమునకు పోయి, హక్స్‌లీ పండితుని వద్ద జీవశాస్త్రము నభ్యసించెను. 1879లో పరిశోధనకై మెక్సికో దేశమునకు వెళ్లగా కన్నుల జబ్బు సోకి, గంతలు కట్టుకొని చీకటి గదిలో వారముల తరబడి గడుపవలసి వచ్చెను. చూపు మరల వచ్చినను, సూక్ష్మదర్శినితో చాలసేపు పనిచేయుటకు కన్నులు సహకరింపలేదు. వృక్షశాస్త్రజ్ఞునకు ఇంతకంటె ఆపద ఏమి కలదు? అయినను ఆయన క్రుంగిపోలేదు. మొక్కకు నేల, నీరు, వెలుతురు ఎట్టివో మనుష్యునకు తాను నివసించు ఊరు అట్టిదని గ్రహించి, తన దృష్టిని ఊళ్లవైపు మరల్చెను.

ఆ కాలమున ఎడింబరో నగరపు పాతపేట మిగుల హీనస్థితిలో నుండెను. ఎత్తైన పాత మేడలలో బీద కుటుంబములు క్రిక్కిరిసి యుండెడివి. సందులలో వెలుతురు లేదు, గాలి లేదు. 1886లో గెడ్డెస్ అన్నా మోర్టన్ అను ఆమెను వివాహమాడెను. పిమ్మట ఆ దంపతులు సుఖమైన క్రొత్తపేటను విడిచి, పాతపేటలోని జేమ్సు కోర్టు అను మురికి వాకిలిలో కాపురము పెట్టిరి. ఇతరులకు నీతులు చెప్పుటకు మారుగా తామే చీపురు పట్టి ఊడ్చిరి. గోడలకు సున్నము వేసిరి. కిటికీల వద్ద పూలమొక్కలు పెట్టిరి. దానిని చూచి ఇరుగుపొరుగువారును చేయి కలిపిరి.

1888లో గెడ్డెస్ డండీ నగరములో వృక్షశాస్త్రాచార్యుడయ్యెను. ఏడాదిలో కొన్ని నెలలు మాత్రమే అచ్చట బోధించి, తక్కిన కాలమును ఎడింబరోలోని పనికి వినియోగించెను. 1914కు ముందు కొన్ని సంవత్సరములలో ఆయన అనుచరులు పాతపేటనంతయు గాలించి, కూల్చిన ఇండ్ల స్థలములును, చెత్త దిబ్బలును లెక్కించిరి. అట్టివి 70కి పైగా తేలెను. విస్తీర్ణమంతయు కలిపి సుమారు 10 ఎకరములు. ఆయన కుమార్తె నోరా ముందు నిలిచి, వీనిలో కొన్నింటిని బాగుచేయించి తోటలుగా మార్చెను. ఆ పేటల పిల్లలే వానిలో ఆడుకొనిరి, మొక్కలు పెంచిరి. వెస్టుపోర్టు, జాన్‌స్టన్ టెర్రసు అను చోట్ల వేసిన తోటలు నేటికిని నిలిచియున్నవి.

1914లో చెన్నరాష్ట్ర గవర్నరగు పెంట్లండు ప్రభువు ఆహ్వానముపై ఆయన మనదేశమునకు బయలుదేరెను. నగర నిర్మాణమును తెలుపు పటములు, చిత్రములు గల ఆయన ప్రదర్శన సామగ్రి వేరొక ఓడలో వచ్చుచుండెను. చెన్నపట్టణముపై గుండ్లు కురిపించిన ఎమ్డెన్ నౌకయే ఆ ఓడనుగూడ ముంచివేసెను. ఎన్నో ఏండ్ల కృషి సముద్రము పాలయ్యెను. స్వదేశమునందలి మిత్రులు మరల సామగ్రి సేకరించి పంపగా, 1915లో చెన్నపురి విశ్వవిద్యాలయ సెనేటు భవనములో ప్రదర్శన జరిగెను.

పిదప ఆయన తంజావూరు, మధుర, బళ్లారి మొదలగు ఊళ్లను సందు సందున తిరిగి పరిశీలించెను. మన పొరుగున ఉన్న కంచి పట్టణపు వీధులను, కోవెలలను, తోటలతో గూడిన ఇండ్లను చూచి మిక్కిలి మెచ్చుకొనెను. తంజావూరిలో ఇరుకైన పేటను చీల్చి తిన్నని వెడల్పు వీధిని వేయవలెనని అధికారులు తలపెట్టియుండిరి. అట్లు చేసినచో ఎన్నో కుటుంబములు నిలువ నీడ లేనివగును. గెడ్డెస్ ఆ పద్ధతిని ఖండించెను. నేర్పరియగు వైద్యుడు చెడిన భాగమునే కోసి తక్కిన దేహమును కాపాడునట్లు, పాడుపడిన ఇండ్లను మాత్రమే తీసి, అచ్చట చెట్టు నాటి, కూర్చుండుటకు తావు చేయవలెనని బోధించెను. దోమల భయముచే చెరువులను పూడ్చుటయు ఆయనకు సమ్మతము గాదు. చేపలు, బాతులు దోమపిల్లలను తినివేయునని చెప్పి, చెరువులను కాపాడుమనెను.

1917 ఆయనకు ఘోరమైన సంవత్సరము. పెద్ద కుమారుడు ఫ్రాన్సు యుద్ధభూమిలో మరణించెను. కొలది వారములకే భార్య అన్నా జ్వరముచే మనదేశమునందే కన్నుమూసెను. అంతటి దుఃఖములోను ఆయన పని విడువలేదు. అపుడు ఇందూరు సంస్థానములో ప్లేగు వ్యాధి వ్యాపించియుండెను. ఆయన పటము చేతబట్టి వీధిలో కనబడగనే, ఇండ్లు కూల్చుటకు వచ్చినాడని జనులు భయపడిరి. ఆయన దీపావళికి ఒక ఉత్సవమును ఏర్పాటు చేయించి, ఏ వీధులవారు తమ ఇండ్లను బాగుగా శుభ్రపరతురో ఆ వీధుల వెంటనే ఊరేగింపు సాగునని చాటించెను. ఊరంతయు పోటీపడి చెత్తను తొలగించెను. ఊరేగింపులో పాకీవారిని పూలమాలలతో గౌరవించిరి. ప్లేగు ఎలుక బొమ్మను తగులబెట్టిరి. ఇంటింటికి తులసి మొక్కలు పంచిరి. మన పెరటిలోని తులసికోటయే పేటతోటకు నాంది యని ఆ పరదేశీయుడు గ్రహించినాడు గదా!

1919 మొదలు 1924 వరకు బొంబాయి విశ్వవిద్యాలయములో ఆయన సమాజశాస్త్రాచార్యుడుగా నుండెను. 1925లో టెల్ అవీవ్ నగరమునకు పథకము వ్రాసి, ఇండ్ల వరుసల నడుమ చిన్న తోటలుండునట్లు ఏర్పరచెను. 1932 ఏప్రిల్ 17వ తేదీన ఫ్రాన్సులోని మోంపెల్లియే నగరమున పరమపదించెను. ఆయన మన ఊళ్లకు వ్రాసియిచ్చిన సలహాలలో పెక్కు కాగితముల మీదనే నిలిచిపోయినవి. వానిని చేపట్టి నడుపువారు లేకపోయిరి.

ఈ చరిత్రను చదువునపుడు మాకు మా తప్పు జ్ఞప్తికి వచ్చినది. వానకాలమున వనమహోత్సవము పేర ఉత్సాహముతో మొక్కలు నాటితిమి. వేసవి సెలవులలో ఎవరి ఇండ్లకు వారు పోయితిమి. తిరిగి వచ్చి చూడగా ఎండిన పుల్లలు మిగిలినవి. నాటుట ఒకనాటి పండుగ. నీరు పోయుట నిత్యవ్రతము. ఈ వేసవికి ముందే, బడికి దగ్గరగా నివసించువారము పేర్లు వ్రాసికొని, ఏ వారము ఎవరు నీరు పోయవలెనో పంచుకొందము. తక్కినవారు తమ సందులో ఒక్క మొక్కనైనను పెంచవలెను. గెడ్డెస్ మహాశయునకు మనమీయదగిన నివాళి ఇదియే.