లండనులో ఆడమ్స్ రాయబారము

రాయబారమనగనే తెలుగువారికి కౌరవసభలో నిలిచిన శ్రీకృష్ణుడు జ్ఞప్తికి వచ్చును. ఆ రాయబారము యుద్ధమును ఆపలేకపోయినను దాని కీర్తి తరుగలేదు. అమెరికా అంతర్యుద్ధము బ్రిటనుతోడి యుద్ధముగా మారకుండ నాలుగేండ్లు కావలి కాచిన రాయబారి చార్లెస్ ఫ్రాన్సిస్ ఆడమ్స్.

ఆయన 1807 ఆగస్టు 18వ తేదీన బోస్టను నగరమున జన్మించెను. తాత జాన్ ఆడమ్స్, తండ్రి జాన్ క్విన్సీ ఆడమ్స్ ఇరువురును అమెరికా అధ్యక్షులు. అంతకుముందు ఇంగ్లండులో రాయబారులు. తండ్రి రష్యాలో రాయబారిగా ఉన్నందున ఆయన బాల్యము సెంట్ పీటర్స్‌బర్గులో గడచెను. హార్వర్డులో చదివి న్యాయవాదియై, బానిసత్వ వ్యాప్తిని ప్రతిఘటించు పక్షమున నిలిచెను. 1848లో ఫ్రీ సాయిల్ పార్టీ తరపున ఉపాధ్యక్ష పదవికి పోటీచేసి ఓడిపోయెను.

1861లో దక్షిణ రాష్ట్రములు విడిపోయి వేరు ప్రభుత్వమును స్థాపించుకొనెను. అధ్యక్షుడు లింకన్ ఆడమ్సును లండనుకు పంపెను. ఆయన ఆ నగరము చేరిన మే 13వ తేదీననే బ్రిటను తాటస్థ్యమును ప్రకటించి, తిరుగుబాటుదారులకు యుద్ధపక్షముగా హక్కులున్నవని అంగీకరించెను. ఇక మిగిలినది ఒక్క మెట్టు: దక్షిణమును స్వతంత్ర దేశముగా గుర్తించుట. అది జరిగినచో సంధులును, సహాయమును వెంట వచ్చును. సుమారు 40 లక్షల బానిసల భవితవ్యము దానిపై ఆధారపడియుండెను.

దక్షిణపు పత్తి రాక నిలిచి లాంకషైరు మిల్లులు మూతపడెను. భారతదేశపు పత్తి ఆ లోటును పూర్తిగా తీర్పజాలలేదు. ఆ నవంబరులో అమెరికా యుద్ధనౌక ట్రెంట్ అను బ్రిటిషు ఓడను ఆపి దక్షిణ దూతలను ఇద్దరిని పట్టుకొనెను. అది తమ ప్రభుత్వ ఆజ్ఞ కాదని ఆడమ్స్ విదేశాంగమంత్రి రస్సెలుకు తెలిపెను. లింకన్ దూతలను విడిచిపెట్టగా ఆ గండము గడచెను.

1862 శరత్తులో ప్రధాని పామర్‌స్టన్, రస్సెల్ మధ్యవర్తిత్వమును ఆలోచించిరి. మంత్రి గ్లాడ్‌స్టన్ దక్షిణము దేశమైనదన్న అర్థము వచ్చునట్లు బహిరంగసభలో ప్రసంగించెను. గుర్తింపు జరిగినచో విధులు విరమింపవలెనన్న ఆజ్ఞ ఆడమ్స్ చేతనుండెను. అయినను ఆయన తొందరపడలేదు. రస్సెలును కలిసికొని, తాటస్థ్యము మారలేదన్న మాట రాబట్టెను. ఆంటీటమ్ యుద్ధమును, లింకన్ చేసిన బానిస విమోచన ప్రకటనయు ఆయనకు బలమిచ్చెను. పత్తి లేక పస్తులున్న మాంచెస్టరు కార్మికులు సభ చేసి లింకనుకు మద్దతు తెలిపిరి.

ఓటమియు లేకపోలేదు. సాక్ష్యములు సమర్పించినను 1862 జూలైలో అలబామా నౌక బ్రిటను తీరమును దాటిపోయి, అరువదికి పైగా అమెరికా ఓడలను పట్టుకొనెను. మరుసటియేడు దక్షిణమునకై రెండు ఇనుప కవచపు నౌకలు సిద్ధమగుచుండగా, వానిని విడుచుట యుద్ధమే యగునని సెప్టెంబరు 5న ఆడమ్స్ వ్రాసెను. రస్సెల్ అంతకు రెండు దినముల ముందే వానిని ఆపుటకు ఉత్తరువిచ్చియుండెను. ఆ సంగతి ఆడమ్స్ ఎరుగడు.

యుద్ధము 1865లో ముగిసెను. గుర్తింపు రానే లేదు. 1872లో జెనీవా న్యాయమండలి అలబామా మొదలగు నౌకలు చేసిన నష్టమునకు బ్రిటను 1 కోటి 55 లక్షల డాలర్లు చెల్లింపవలెనని తీర్పుచెప్పెను. ఆ మండలిలో అమెరికా పక్షపు సభ్యుడు ఆడమ్సే. ఆయన 1886 నవంబరు 21న మరణించెను.

ఈ విజయము ఆయన ఒక్కనిదే కాదు. రణరంగమున మడిసిన సైనికులకును, ఆకలికి ఓర్చిన కార్మికులకును అందు పాలు కలదు. కాని కోపము సులభమైన వేళ మాటను అదుపునందుంచుకొనుట ఆయన పాలి కర్తవ్యము. దానిని ఆయన నెరవేర్చెను.