పానగల్లు రాజావారు: దేవుని సొమ్మునకు లెక్క యడిగిన మంత్రి

మన సంఘ మహాసభలు జరుగునపుడు వేదికపై పూర్వపురుషుల చిత్రపటములకు పుష్పమాలలు వేయుట ఆచారము. ఆ పటములలో పానగల్లు రాజావారిది తఱుచు ముందువరుసను కనబడును. రాజా యను బిరుదును చూచి, ఆయన యేదో పెద్ద సంస్థానము నేలి పేరు తెచ్చుకొన్న ప్రభువని తలచు యువకులు మనలో లేకపోలేదు. ఆయన కీర్తి సంస్థానమువలన వచ్చినది కాదు. శాసనసభలో చేసిన పనివలన వచ్చినది. ఆ పని యెట్టిదో, అందు నెరవేరిన దెంతయో, నెరవేరనిదెంతయో చదువరులకు విన్నవించుటయే మా యుద్దేశము.

శ్రీ పానగంటి రామరాయణింగారు 1866వ సంవత్సరము జూలై 9వ తేదీన శ్రీకాళహస్తిలో వెలమ కుటుంబమున జన్మించిరి. అప్పటికి శ్రీకాళహస్తి ఉత్తర ఆర్కాటు మండలములోనిది. చిత్తూరుజిల్లా 1911లోగాని యేర్పడలేదు. ఆయన మదరాసునందలి తిరువళిక్కేణి ఉన్నతపాఠశాలలో 1886లో చదువు ముగించి, ప్రెసిడెన్సీ కళాశాలలో చేరి 1893లో పట్టభద్రులైరి. 1899 నాటికి న్యాయశాస్త్ర పట్టమును, ఎం. ఏ. పట్టమును గూడ పొందిరి. భూమి కలవారి బిడ్డలకు కళాశాల చదువేల యని పెద్దలు పలువురు తలచుచున్న కాలమది. ఆ కాలమున సంస్కృతమును, తత్త్వశాస్త్రమును, న్యాయశాస్త్రమును శ్రద్ధతో నభ్యసించుట సామాన్యమైన సంగతి కాదు.

ప్రజాకార్యములలో ఆయన తొలి పాఠశాల జిల్లాబోర్డు. బాటలు, బావులు, బడులు, వైద్యశాలలు, వీనికి సొమ్మెట్లు వచ్చునో, ఎట్లు వ్యయమగునో ఆయన అక్కడ నేర్చుకొనిరి. 1912లో దక్షిణదేశపు భూస్వాముల ప్రతినిధిగా భారత చక్రవర్తి శాసనసభకు వెళ్లిరి. 1916లో త్యాగరాయ సెట్టిగారును డాక్టరు టి. ఎం. నాయరుగారును జస్టిస్ కక్షను స్థాపింపగా, రామరాయణింగా రందులో చేరి ముఖ్యులలో నొకరైరి.

1920లో నూతన రాజ్యాంగ సంస్కరణల ననుసరించి ఎన్నికలు జరిగి, మదరాసులో జస్టిస్ కక్షవారు మంత్రివర్గము నేర్పఱచిరి. సుబ్బరాయలు రెడ్డియారుగారు ప్రథమమంత్రి కాగా, రామరాయణింగారు స్థానిక స్వపరిపాలనశాఖకు మంత్రులైరి. రెడ్డియారుగారు అనారోగ్యముచే తొలగినందున, 1921 జూలై 11వ తేదీన ప్రథమమంత్రి పదవి వీరికి వచ్చెను. ఆ పదవి పేరునకు గొప్పదే కాని, అధికారము సగమే. పోలీసు, భూమిశిస్తు, ఆర్థికశాఖ గవర్నరు చేతిలోను, ఆయన కార్యనిర్వాహక సభ్యుల చేతిలోను ఉండెను. విద్య, ఆరోగ్యము, స్థానికపాలన మొదలైనవి మాత్రమే మంత్రుల కప్పగింపబడినవి. మంత్రి యొక పథకమును తలపెట్టిన, సొమ్మునకై మఱియొకరి వాకిట నిలువవలసినదే. ఈ యిరుకులోనే రాజావారు తమ పని యంతయు చేసిరి.

ఆ పనులలో మేము తలమానికముగా నెంచునది హిందూ దేవాదాయ ధర్మాదాయ శాసనము. 1817 నాటి నిబంధన ప్రకారము దేవాలయముల మాన్యములపై కంపెనీ ప్రభుత్వము పర్యవేక్షణ జరపుచుండెను. ప్రభుత్వము 1863 నాటి చట్టముతో ఆ భారమును దింపుకొని, ఆలయములను స్థానిక సంఘములకును ధర్మకర్తలకును విడిచిపెట్టెను. ఆ సంఘములవారు జీవితాంతము పదవిలో నుండువారు. లెక్క చూపుడని వారి నడుగు అధికారి యెవడును లేడు. మాన్యము అన్యాక్రాంతమైనను, దీపారాధనకు నూనె కరవైనను, భక్తునికి కోర్టు తప్ప వేఱు దిక్కు లేకపోయెను. కోర్టునకు పోవుటకు పేదభక్తుని చేతిలో సొమ్మెక్కడిది? అట్లు రమారమి అఱువదియేండ్లు గడచెను.

1922 డిసెంబరు 18వ తేదీన రాజావారు ఈ బిల్లును శాసనసభలో ప్రవేశపెట్టిరి. ఆలయములపైని మఠములపైని పర్యవేక్షణకు ఒక బోర్డు నియమించుట, ధర్మకర్తలచే లెక్కలు వ్రాయించి తనిఖీ చేయించుట, ఆలయావసరములకు మించిన సొమ్మును విద్యాదానాది ధర్మములకు వినియోగించుటకు వీలు కల్పించుట దాని సారాంశము. దేశమంతట అలజడి పుట్టెను. మతమున ప్రభుత్వము చేయి పెట్టుచున్నదని కొందఱును, బోర్డు ఖర్చులకు ఆలయముల సొమ్మే తీసికొనుట న్యాయము కాదని కొందఱును వాదించిరి. ఆ వాదములలో సత్యాంశము లేదని మేము చెప్పజాలము. రాజావారి పక్షము వేఱు. పూజావిధానము భక్తులది, దాని జోలికి పోరాదు. భూమియు ధనమును ధర్మార్థ మిచ్చినవి, వానికి లెక్క యుండవలెను అనునది ఆయన నిశ్చయము.

ఇందొక విశేషమును చదువరులు గమనింపవలెను. ఆ కాలమున అనేక దేవాలయములకు వంశపారంపర్య ధర్మకర్తలు జమీందారులే. రాజావారు తామే భూస్వాములు. భూస్వాముల ప్రతినిధిగా పెద్దసభలో కూర్చున్నవారు. తమ వంటివారి చేతిలోని తాళపుచెవులకే లెక్క యడుగు శాసనమును తామే తెచ్చుటకు మిక్కిలి గుండెదిటవు కావలెను. బిల్లు సభలో నెగ్గిన పిదపను రాజప్రతినిధి దానిని సవరణలకై త్రిప్పి పంపెను. అది మఱల సభకు వచ్చి, 1925లో చట్టమయ్యెను. దాని చెల్లుబాటును గూర్చి వివాదములు పుట్టగా, 1927లో మఱియొక చట్టమును చేయవలసివచ్చెను. 1951 నాటి మదరాసు చట్టమునకును, తెలుగుదేశమున 1966లోను 1987లోను వచ్చిన చట్టములకును మూల మా తొలి ప్రయత్నమే.

శ్రీకాళహస్తికి పొరుగుననే యున్న తిరుమల ఆలయపాలన 1843 మొదలు హాథీరాంజీ మఠపు మహంతుల చేతిలో నుండెను. 1932 నాటి ప్రత్యేక చట్టముచే అది 1933లో దేవస్థానసంఘమునకు వచ్చెను. తరువాత ఆ దేవస్థానమువారే తిరుపతిలో కళాశాల నెలకొల్పిరి. దేవుని హుండీలోని కాసు పేదవిద్యార్థి పుస్తకమగుటను రాజావారు కన్నులార చూడలేదు. దానికి త్రోవ తీసినవారిలో ఆయన యొకరు.

ఇతర కార్యములను సంగ్రహముగా చెప్పెదము. 1921 సెప్టెంబరులో ఆయన ప్రభుత్వము ఉద్యోగములను అన్ని తెగలవారికిని పంచవలెనని ఉత్తరువు చేసెను. కాని ఉత్తరువు వేఱు, ఆచరణ వేఱు. అది గట్టిగా అమలునకు వచ్చుట 1927 తరువాతనే, అదియు మఱియొక మంత్రివర్గపు కాలమున. 1951లో సుప్రీముకోర్టు ఆ పద్ధతిని కొట్టివేయగా, ఆ తీర్పు దేశ రాజ్యాంగపు మొదటి సవరణకు కారణమయ్యెను. దేశీయ వైద్యమును గూర్చి విచారించుటకు 1921లో ఉస్మాన్ గారి అధ్యక్షతను ఒక సంఘము నియమింపబడెను. దాని ఫలముగా 1925లో మదరాసున దేశీయ వైద్యపాఠశాల వెలసినది. ఆయుర్వేదము, సిద్ధము, యునానీ అందు బోధింపబడెను. పల్లెలలో వైద్యులు స్థిరపడునట్లు వారికి ధనసహాయ మిచ్చు పద్ధతియు ఆ దినములదే.

ఆయన మార్గము పూలబాట కాదు. 1923 ఎన్నికల తరువాత స్వపక్షమునుండి వేఱుపడిన కట్టమంచి రామలింగారెడ్డిగారు మంత్రివర్గముపై అవిశ్వాస తీర్మానము తెచ్చిరి. నవంబరు మాసాంతమున జరిగిన ఆ వాదములో 65 మంది మంత్రివర్గమును, 44 మంది తీర్మానమును బలపఱచిరి. ఆ మంత్రివర్గమందలి విద్యామంత్రి పాత్రోగారే ఆంధ్ర విశ్వవిద్యాలయపు బిల్లును నడిపిరి. 1926లో ఆ విద్యాపీఠము వెలసినపుడు తొలి ఉపాధ్యక్షులైనవారు ఆ రామలింగారెడ్డిగారే. సభలోని వైరము విద్యాపీఠపు గడప దాటకపోవుట ఆనాటివారి పెద్దఱికము.

ఒక కొఱతను దాచరాదు. ఆదిద్రావిడుల నాయకులు ఎం. సి. రాజాగారు, తమవారికి రావలసిన పాలు రాలేదను అసంతృప్తితో, 1923లో జస్టిస్ కక్షను విడిచిరి. ఆది ద్రావిడులు, ఆది ఆంధ్రులు అను గౌరవనామములను ప్రభుత్వము 1922లో అంగీకరించెను. పేరు మాఱినంత వేగముగా బ్రతుకు మాఱలేదు. పైవారిని సమానత్వ మడిగినవారు క్రిందివారికి ఎంత పంచిరి? ఈ ప్రశ్న ఆ కక్షవారి నెల్లరను వెన్నాడెను. నేటికిని ప్రతి కులసంఘమును వెన్నాడుచున్నది.

1925లో త్యాగరాయ సెట్టిగారు గతింపగా కక్ష నాయకత్వభారము రాజావారిపై పడెను. 1926 ఎన్నికలలో ఓడి, ఆ డిసెంబరులో పదవి విడిచి, ప్రతిపక్షమున కూర్చుండిరి. 1928 డిసెంబరు 16వ తేదీన మదరాసులో, అఱువదిరెండేండ్ల వయస్సున, స్వర్గస్థులైరి. ఆయన కాలమున నిర్మింపబడిన త్యాగరాయనగరపు నడుమ పానగల్లు ఉద్యానము ఆయన పేరు నిలుపుచున్నది. చెట్లనీడను సేదదీరు బాటసారులలో ఆ పేరు ఎవ్వరిదో యెఱిగినవారు తక్కువ.

సంఘబంధువులారా! మనమును మహాసభలు జరుపుకొందుము, విద్యార్థివసతిగృహములకును వేతనములకును చందాలు పోగుచేయుదుము. దాత లిచ్చిన సొమ్మును ధర్మధనమే. రాజావారి జయంతిని జరిపి, ఆ ధనమునకు సాలీనా లెక్క సభముందు పెట్టనిచో, మనము ఆయన పటమునకు మాల వేసి, ఆయన పనికి వెన్ను చూపినవారమగుదుము. ఆయన తమవారినే లెక్క యడిగిరి. మనము మనలనే యడుగుకొందము. జమాఖర్చుల పుస్తకము వేదికపై నందఱికిని విప్పి చూపుటకంటె ఆ మహనీయునకు తగిన నివాళి వేఱొకటి లేదని మా విన్నపము.